పిస్తోలు మీద పరాయి పేరు

అరబ్బు దేశంలో, బలద్ అనే పాతబస్తీలో, మేడల సందున, తాళాల దుకాణానికీ అత్తరు దుకాణానికీ నడుమ ఇరుక్కున్న చిన్న కొట్లో భోజన్న పేర్లు చెక్కుతాడు. ఉంగరాల మీద, పెన్నుల మీద, బడిపిల్లలకిచ్చే కప్పుల మీద, పెద్దవాళ్ల తలుపులకు కొట్టే ఇత్తడి పలకల మీద. అరబ్బీ అక్షరాలకు అర్థం తెలియకపోయినా వాటి వంపులన్నీ అతనికి కంఠతా వచ్చు. నిర్మల్ బజార్లో స్టీలు సామాన్ల దుకాణంలో గిన్నెల మీద పేర్లు కొట్టిన చెయ్యి అది. పెళ్లి బిందె మీద కొట్టినా, బారసాల గ్లాసు మీద కొట్టినా గీత తప్పేది కాదు. ఆ చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. తమ్ముడు మల్లేశం ఆసుపత్రి ఫ్రీజర్లో పడి ఉన్నాడు. వాణ్ణి ఇంటికి పంపే దారి దొరకడం లేదు.

మల్లేశం డ్రైవరు. అన్నదమ్ములిద్దరికీ కఫీల్, అంటే వీసా ఇచ్చి పూచీపడ్డవాడు, ఒక్కడే, ఈ కొట్టు యజమాని అబూ తలాల్. ఓ మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మల్లేశం మళ్లీ లేవలేదు. గుండె ఆగిందని డాక్టర్లు రాశారు. మన కాన్సులేటు వాళ్లు ఇవ్వాల్సిన కాగితం ఇచ్చారు. నిర్మల్ నుంచి మల్లేశం భార్య ఊర్మిల వేలిముద్ర వేసి పంపాల్సింది పంపింది. ఇక మిగిలింది ఒక్కటే. కఫీల్ పోలీసు స్టేషనుకు వచ్చి, వీడు నా మనిషే, పంపడానికి నాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అది ఈ ఎడారిలో చూడాలి.

అబూ తలాల్ చెడ్డవాడని చెప్పి చేతులు దులుపుకుందామంటే కుదరదు. రంజాన్‌లో ఖర్జూరాల డబ్బా తెచ్చి స్వయంగా చేతిలో పెడతాడు. జీతం ఆపడు. చెయ్యెత్తడు. మల్లేశం పోయిన రోజు కళ్లు తుడుచుకున్నాడు కూడా. కానీ సంతకం సంగతి ఎత్తగానే "బుక్రా" అంటాడు. బుక్రా అంటే రేపు. ఆ రేపు ఎన్నడూ రాలేదు. ఒకరోజు మోకాళ్ల నొప్పి, ఒకరోజు చుట్టాలు, ఒకరోజు ఎండ. చెడ్డవాడైతే తిట్టుకుని మరో దారి వెతుక్కోవచ్చు. మంచివాడి బద్ధకం ఉంది చూశారూ, అది గొంతు పట్టుకోకుండానే ఊపిరి తీస్తుంది.

ఫోన్ చేసినప్పుడల్లా ఊర్మిల ఒకటే మాట.

"ఎన్నడు దెస్తవ్ బావా?"

"దెస్త బిడ్డా. కాయితాలు అయితున్నయ్."

"ముసలోళ్లందరు బొట్టు తియ్యుమని మీద వడుతున్నరు. నేను తియ్య. ఆయన మొకం జూడంది నేను తియ్య. సచ్చిండో బతికిండో నాకేమెరుక? నువ్వు జెప్తివి, నేను ఇంటి. గంతే గద."

అక్కడ ఆ పిల్ల అటు ముత్తైదువా కాదు, ఇటు విధవా కాదు. శుభానికి పిలవరు, దుఃఖానికి కూర్చోనివ్వరు. చావు ఇల్లని పొయ్యి వెలిగించనివ్వలేదు. మొదట్లో వాడకట్టు వాళ్లు అన్నం తెచ్చిపెట్టారు, రానురాను అదీ తగ్గింది. వాళ్లను అనడానికి లేదు. ఎన్నాళ్లని పెడతారు? పిల్లాజెల్లా లేని ఊర్మిల ఆ ఇంట్లో చాప మీద కూర్చుని గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది. భోజన్న ఫోన్ పెట్టేశాక కూడా ఆ చూపు అతని వీపుకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆసుపత్రిలో జాయ్సీ అనే నర్సుంది. నర్సాపురం వైపు పిల్ల. ఆమె డ్యూటీ వేరే వార్డులోనే అయినా, తెలుగువాళ్ల శవమని తెలిసి అప్పుడప్పుడూ కిందికి దిగి కనుక్కునేది. ఆ వారం ఆమే కొట్టుకు ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, చెప్పకుండా ఉండలేక చెప్తున్నానండి. మార్చురీ నిండిపోయిందంట. కఫీలు రాని బాడీలన్నీ వచ్చే వారం ఇక్కడే మట్టి చేసేస్తారంట. లిస్టులో మీ తమ్ముడుగారి పేరు కూడా ఉందండి. ఏదో ఒకటి చేసెయ్యండి, ఆలస్యం చెయ్యొద్దు."

భోజన్న ఫోన్ పెట్టేశాడు. ఊరూ పేరూ లేని ఇసుకలో తమ్ముడు. ఊర్మిల ఇక జన్మలో ఆ మొహం చూడదు. అడ్డమైన దేవుళ్లందరికీ మొక్కాడు. కొండగట్టు అంజన్నకు మొక్కాడు, బాసర తల్లికి మొక్కాడు, ఎదురుగా ఉన్న మసీదు వైపు తిరిగి కూడా దండం పెట్టాడు. ఆకలైనవాడు అన్ని తలుపులూ తడతాడు.

మరునాడే అబూ తలాల్ కొట్టుకు వచ్చాడు. సంతకానికేనేమోనని భోజన్నకు ఆశ పుట్టింది. ముసలాయన తలుపు దగ్గరికి వేసి, చంకలోంచి గుడ్డమూట తీసి బల్ల మీద విప్పాడు. పిస్తోలు.

"భయపడకు భోజన్" అన్నాడు. "తూటాలు లేవు. ఇది మా అన్న ఖాలిద్‌ది."

పిడికిట్లో ఇమిడేంత నల్లటి పిస్తోలు. పుట్టింది జర్మనీలో. అక్కడి పోలీసులు ఏళ్ల తరబడి వాడి, పాతవైపోయాక లాటుగా అమ్మేస్తే అమెరికా వర్తకుడెవరో కొని తమ దేశానికి దింపుకున్నాడట. విమానదళంలో పనిచేసిన ఖాలిద్ అమెరికాకు శిక్షణకని వెళ్లి, అక్కడ ఇష్టపడి కొని, సర్కారు అనుమతితో వెంట తెచ్చుకున్నాడు. ఆయన పోయి చాలాకాలమైంది. ఈ యేడు, ఇళ్లల్లో పాత ఆయుధాలున్నవాళ్లు వచ్చి తమ పేరున రాయించుకోవాలని గడువు పెట్టారు. గడువు దాటితే పట్టుకుపోతారు.

"ఇదిగో, ఇక్కడ పట్టుకునేవాడు" అని అబూ తలాల్ పిడి మీద వేళ్లు పెట్టి చూపించాడు. తర్వాత దాన్ని కళ్లకద్దుకుని ముద్దు పెట్టుకున్నాడు.

చచ్చిపోయిన అన్న ముట్టుకున్న ఇనపముక్కను కళ్లకద్దుకునే మనిషికి, ఇంకొకడి తమ్ముడు ఐసులో గడ్డకట్టుకుపోతుంటే ఒక్క గంట తీరదా? ఆ మాట భోజన్నకు నోటిదాకా వచ్చింది. మింగేశాడు. ఏరు దాటనిదే తెప్ప తగలేయడం తెలివి కాదు.

పని ఇదీ. ఆ పిస్తోలుకు ఒకే నంబరు మూడు చోట్ల ఉంది. పైన వెనక్కి జారే ముక్క మీద, గొట్టం మీద, పిడి పై చట్రం మీద. మూడూ ఒకటే అయితే ముక్కలు మారలేదని, పుట్టినప్పటి పిస్తోలే అని లెక్క. మొదటి రెండూ స్పష్టంగానే ఉన్నాయి. చట్రం మీది అంకెలు మాత్రం తోలు ఒరలో రాపిడికి అరిగి, వేలితో తడిమితేగానీ తెలియకుండా పోయాయి. నంబరు కనబడకపోతే ఆఫీసులో పేచీ పెడతారని ఎవరో స్నేహితుడు ఆయన చెవిన వేశాడు.

"కొత్తగా ఏమీ వేయొద్దు. ఉన్న అంకెలే తేట చెయ్యి. ఎల్లుండి తీసుకుపోతాను."

"తప్పు గాదు గద బాబా?" భోజన్న తన వచ్చీరాని అరబ్బీలో అడిగాడు.

"అదే నంబరు కదా! మార్చమంటున్నానా?" ముసలాయన నవ్వాడు. అంతలో భోజన్న మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఈ పని కానీ. అక్కణ్నుంచి అటే మీవాడి పనికి పోదాం. వల్లా, దేవుడి తోడు. మా అన్న మీద ఒట్టు."

ఇంతకు ముందు అన్నీ బుక్రాలే. ఒట్టు వేయడం ఇదే మొదలు. భోజన్న ఆ ఒట్టును రెండు చేతులా పట్టుకున్నాడు.

మధ్యాహ్నం దుకాణాలు మూసే వేళ, షట్టరు సగం దించి దీపం కింద కూర్చున్నాడు. చెయ్యి వణకడం మానేసింది. పని దొరికితే ఆ చేతికి ఏ దుఃఖమూ గుర్తుండదు. పాత గీతల వెంటే పోయాడు. నాలుగంకె కాస్త పక్కకి ఒరిగి ఉంది. జర్మనీవాడు ఒరగ్గొట్టాడు, ఒరిగే ఉండనీ అనుకున్నాడు. పని ముగిసేసరికి అంకెలు తేటగా, అలాగని కొత్తగా మెరిసిపోకుండా వచ్చాయి. ఒట్టేసిన మనిషి మనసు కరిగించే పని.

తుడుస్తూ అడుగువైపు తిప్పాడు. తిప్పకుండా ఉంటే బాగుండేది.

పిస్తోలు మీద కంపెనీ ముద్రలు చాలానే ఉన్నాయి. చిన్న గద్ద బొమ్మ, ఓ పొట్టి అక్షరం, ఏదో చిహ్నం. అన్నీ లోతుగా, తీరుగా, ఒక్క చేతి పనిలా ఉన్నాయి. అడుగున మాత్రం ఇంగ్లీషు అక్షరాల వరస ఒకటి వేరుగా ఉంది. ఎవరిదో పేరు, పక్కనే ఊరిపేరు. మోటుగా, పైపైన, చోటు చూసుకోకుండా కొట్టింది. ఇది పుట్టినప్పటిది కాదు, తర్వాత ఇంకెవరో కొట్టిందని భోజన్న చూడగానే పోల్చుకున్నాడు. ఆ పోల్చుకోవడంలో తప్పేమీ లేదు. తప్పంతా ఆ తర్వాత జరిగింది.

మన ఇళ్లల్లో గిన్నె మీద పేరెందుకు కొట్టిస్తాం? పెళ్లికో చావుకో నలుగురిళ్ల సామాన్లు ఒకచోట చేరతాయి. తిరిగి పంచుకునేటప్పుడు పేరు చూసి తీసుకుంటారు. ఒకరి పేరున్న గిన్నె ఇంకొకరి వంటింట్లో కనబడిందా, ఇక అంతే సంగతులు. భోజన్న వాడలో గురవమ్మ అనే ఆమె, పొరపాటున తనింటికి చేరిన చారుగిన్నె ఒకటి పట్టుబడి దొంగ అనిపించుకుంది. అది తనకు తెలియకుండా వచ్చిందని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఆమె బతికినన్నాళ్లూ పిల్లలు కూడా "గిన్నె గురవమ్మ" అనే పిలిచారు. అందుకే పాత సామాను మార్పిడికి వస్తే దుకాణంలో చేసే మొట్టమొదటి పని పాత పేరు అరగదీయడం. అది పోకుండా కొత్త పేరు కొట్టేవాడు పనివాడే కాదు. తీయమంటారా అని గిన్నె తెచ్చినవాణ్ణి ఎవరూ అడగరు. అది అడిగే సంగతి కాదు.

భోజన్నా అడగలేదు. రేపు ఈ ముసలాయన నలుగురు ఆఫీసర్ల ముందు నిలబడి దీన్ని తన పేరున రాయించుకోబోతున్నాడు. అడుగున చూస్తే ఎవడిదో పరాయి పేరు. ఇదెవరిదయ్యా అంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? ఆయన పని చెడితే మల్లేశం పని చెడుతుంది. ఏ లోపమూ ఉండకూడదు. ఆకురాయి తీసుకున్నాడు. ఆ తర్వాత పాలిష్ చక్రం. మోటు అక్షరాలు కావడంతో తొందరగానే పోయాయి. తమ్ముడి కోసం ఓ మంచిపని చేసినట్టే అనిపించింది. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

అబూ తలాల్ వచ్చి అంకెలు చూసి "మాషా అల్లా" అన్నాడు. అడుగు తిప్పి చూడలేదు. గుడ్డలో చుట్టుకుని పోయాడు.

అబూ తలాల్ ఆఫీసుకు వెళ్లిన రోజు భోజన్న పొద్దుటినుంచీ ఉతికిన చొక్కా వేసుకుని, మల్లేశం కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని కూర్చున్నాడు. అటునుంచి అటే పోవాలి కదా. ముసలాయన వచ్చేసరికి ఎండ తిరిగింది. చేతిలో గుడ్డమూట లేదు. తలగుడ్డ జారి మెడ మీద పడింది.

"ఏం చేశావ్?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "అడుగున ఉన్నది ఏం చేశావ్?"

"ఎవలిదో పేరు బాబా. తీసేసిన."

అబూ తలాల్ స్టూలు మీద కూలబడ్డాడు. ఊపిరి అందాక చెప్పాడు. యూరపులో ఇలాంటి పిస్తోళ్లు వేలకు వేలు. వాటిని తమ దేశానికి దింపుకున్న వర్తకుడు తన పేరూ ఊరూ దాని మీద కొట్టి తీరాలట, అమెరికాలో అది చట్టం. అది ఏ దారిన వచ్చిందో చెప్పే గుర్తు ఆ ఒక్కటే. ఖాలిద్‌కు ఇచ్చిన అనుమతిలో నంబరుతో పాటు ఆ గుర్తు కూడా రాసి ఉంది. ఆఫీసరు వెనక్కి తిప్పి చూస్తే గుర్తు లేదు. అరగదీసిన మచ్చ ఉంది. దాని పక్కనే కొత్తగా దిద్దిన అంకెలున్నాయి. రెండూ కలిపి చూసినవాడు ఏమనుకుంటాడు?

"దొంగ సరుకన్నాడు. నన్ను. ఈ వయసులో." ముసలాయన పెదవులు అదిరాయి. "మా అన్న పిస్తోలును దొంగ సరుకన్నాడు. ఇది చేసినవాణ్ణి మూడు రోజుల్లో తీసుకురా, లేకపోతే కేసు నీ మీదే అన్నాడు."

ఆయన్ని ఎవరూ దొంగ అనకూడదనే కదా అరగదీసింది! వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. ఇక్కడ కోతి కూడా కాలేదు, ఉన్న మట్టి కూడా పోయింది. ఇక సంతకం ఎక్కడిది? మల్లేశానికి ఇసుకే.

"నడువు. మూడు రోజులెందుకు, ఇప్పుడే చెబుదువుగాని" అని ముసలాయన లేచాడు.

భోజన్న లేవలేదు. ప్లాస్టిక్ సంచి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఈ మనిషి సంతకం కోసం తను కాళ్లావేళ్లా పడ్డాడు. ఈ పూట ఈ మనిషికి తన మాట కావాలి. జీవితంలో ఎన్నడూ యజమానితో బేరమాడినవాడు కాదు.

"అస్త బాబా. అంత నేనే జేసిన అని చెప్త. జేసింది నేనే గద. గని ముంగట మా తమ్ముని కాయితం."

"ఏమిటీ?"

"ముంగట స్టేషనుకు పోదాం. సంతకం వెట్టు. మల్లేశం విమానం ఎక్కినంక నేను నోరు తెరుస్త."

"నా పరువు పోతుంటే నన్ను బేరమాడుతున్నావా? నువ్వు భోజన్‌వేనా?" ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అది మా అన్న గుర్తు. వాడిది నాకు మిగిలింది అదొక్కటే."

"మా తమ్మునిది మొత్తం మిగిలింది బాబా" అన్నాడు భోజన్న. "ఫ్రీజర్ల ఉన్నడు."

అంత మాట తన నోట వచ్చినందుకు భోజన్నే అదిరిపోయాడు. అత్తరు దుకాణం వాడు బయట ఎవరితోనో నవ్వుతున్నాడు. అబూ తలాల్ తలగుడ్డ సర్దుకున్నాడు. జేబులోంచి కారు తాళాలు తీసి, భోజన్న వైపు చూడకుండానే "కాగితాలు తీసుకో" అన్నాడు.

అన్ని వారాలు కదలని పని ఒక్క పూటలో అయిపోయింది. స్టేషన్లో ఓ సంతకం, ఆసుపత్రిలో ఓ సంతకం, మల్లేశం పాస్‌పోర్టు మీద ఓ ముద్ర. ఇంతేనా? ఇందుకేనా ఊర్మిల అన్ని రోజులు గుమ్మం చూసింది? భోజన్నకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. సంతకం పెడుతున్న ఆ ముసలి చేతిని పట్టుకుని విరిచేయాలనిపించింది. అదే చేతిని కళ్లకద్దుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

పెట్టెకు మేకులు కొట్టే ముందు జాయ్సీ వచ్చి అతన్ని లోపలికి తీసుకెళ్లింది. మల్లేశం మొహం నల్లబడింది గానీ పోలిక చెడలేదు. భోజన్న నుదురు తాకాడు. రాయిలా ఉంది. "పోరా తమ్మి, ఇంటికి పో" అన్నాడు.

బయటికి వచ్చాక జాయ్సీ అడిగింది. "మీరూ వెళ్తున్నారు కదండీ?"

"లేదమ్మా. నా పాస్‌పోర్టు ఆయన దగ్గర్నే ఉంది. నేను పోలీసులకు చెప్పేదుంది." జరిగిందంతా చెప్పాడు.

ఆమె నోరు వెళ్లబెట్టింది. "అయ్యో దేవుడా, చెప్తే లోపలేసేస్తారండి! ఎన్నాళ్లుంచుతారో ఏంటో. బాడీ ఎలాగూ విమానం ఎక్కేస్తుంది. నాకేం తెలీదు, నేను ముట్టుకోలేదు అనెయ్యండి. ఎవరు చూశారు కనక?"

ఆ మాట భోజన్నకు తోచకపోలేదు. తోచింది, ఆ రోజంతా వెంటపడింది కూడా. తమ్ముడి శవంతో తోడు పోవాల్సింది తను. తలకొరివి పెట్టాల్సింది తను. మల్లేశానికి కొడుకులు లేరు, తమకు దగ్గరి పాలివాళ్లూ లేరు. తను పోకపోతే ఇంకెవరున్నారు?

"గట్లంటె ముసలాయన లోపలికి పోతడమ్మా" అన్నాడు చివరికి. "ఆయన అన్న గుర్తు ఎట్లాగూ పోగొట్టిన. ఇగ ఆయన్ను గుడ పోగొట్టాల్నా? నాతోని గాదు."

పెట్టె విమానం ఎక్కిందని తెలిశాక భోజన్న ఆ ఉతికిన చొక్కాతోనే అబూ తలాల్ వెంట ఆఫీసుకు పోయాడు. కళ్లద్దాలు పెట్టుకున్న ఆఫీసరు పిస్తోలును బల్ల మీద వెల్లకిలా పెట్టి, మచ్చ మీద వేలుంచాడు.

"ఇది ఎవరు చేయమన్నారు?"

"ఎవలు చెయ్యమనలే సాబ్. అంకెలు తేట చెయ్యుమన్నరు. ఇది నేనే జేసిన."

"ఎందుకు?"

భోజన్న చెప్పాడు. తనకొచ్చిన అరబ్బీ నాలుగు ముక్కలూ, ఉర్దూ పది ముక్కలూ కలిపి, మధ్యలో చేతులతో గిన్నెలు గీసి చూపిస్తూ, చావింటి వంటలూ, పంచుకునే సామాన్లూ, గురవమ్మ కథా అంతా చెప్పాడు. పరాయి పేరున్న వస్తువు ఇంట్లో ఉంటే మనిషిని దొంగ అంటారు, మా కఫీల్‌ను అట్లా అనకూడదని తీశానన్నాడు. పక్కనున్న పోలీసు కుర్రాడు ఫక్కున నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నమ్ముతున్నాను" అన్నాడు. "అయినా ఆయుధం మీద గుర్తు చెరపడం నేరం. విచారణ తేలేదాకా నువ్వు ఇక్కడే." అబూ తలాల్‌ను ఇంటికి పొమ్మన్నారు. పిస్తోలును సంచిలో వేసి సీలు చేశారు. ముసలాయన గుమ్మం దగ్గర ఆగి చెయ్యి గుండె మీద పెట్టుకుని వెళ్లిపోయాడు.

మరునాడు ఆఫీసరు దయతలిచి తన ఫోనిచ్చాడు. ఇంటికి ఒక్కసారి చేసుకోమన్నాడు. ఆ పోలీసు కుర్రాడు పక్కనే నిలబడ్డాడు.

"బావా!" ఊర్మిల గొంతు ఆయాసపడుతోంది. వెనకనుంచి డప్పులు వినబడుతున్నాయి. "ఒచ్చిండు బావా. మొకం జూసిన. మీసం గట్లనే ఉంది. ఇంత దూరం ఒక్కడే ఒచ్చిండు. నువ్వు ఏ బండిల అస్తున్నవ్? నీ కోసం వల్లకాట్ల ఆపిన్రు."

భోజన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "నేను అస్తలేను బిడ్డా. ఇక్కడ పోలీసులు పట్టుకున్నరు. నాదే తప్పు. అదంత తర్వాత చెప్త. మీరు కానియ్యండ్రి."

ఊర్మిల గొంతు తగ్గించి అడిగింది. "తలగొరివి ఎవలు వెడ్తరు బావా? ఎవలు ముంగటికి అస్తలేరు. పాలోళ్లం గాదు, మాకెందుకని ఎనుకకు నిలవడ్డరు." డప్పుల మీదుగా గొంతు పెంచింది. "నేనే వెడ్త. ఆడిది పెట్టద్దంటున్నరు. నువ్వు పెట్టుమంటె వెడ్త. నువ్వు ఇంటి పెద్దవి."

"పెట్టు బిడ్డా" అన్నాడు భోజన్న. "అడిగినోళ్లకు నేను చెప్పిన్నని చెప్పు."

"నాకు రాదు బావా. ఎట్ల తిరుగాలె?"

"నీళ్లకుండ ఎడమ బుజం మీద పెట్టుకో. ఆయన సుట్టు ఎడమకు తిరుగాలె, మూడు సుట్లు. సుట్టుకొక తూటు పొడుస్తరు, నీళ్లు కారుతయ్, బుగులువడకు. మూడోది అయినంక కుండ ఎనుకకు ఇడువు. ఆనంక కొరివి."

"ఫోను కొంగుల ముడేసుకుంట. నువ్వు పెట్టెయ్యకు."

ఫోన్లో గుడ్డ రాపిడి, డప్పులు, ఆమె ఊపిరి. పోలీసు కుర్రాడు టైమైందని చెయ్యి చాపాడు. భోజన్న ఫోను ఎడమ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆఫీసరు బల్ల చుట్టూ ఎడమకు నడవడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు. కుర్రాడు ఏమిటిదన్నట్టు ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు చేత్తో ఆగమన్నాడు. రెండో చుట్టు. ఫోన్లో నీళ్ల చప్పుడు వినబడిందో, వినబడ్డట్టు అనిపించిందో తెలియదు. మూడో చుట్టు. అటు కుండ పగిలిన చప్పుడు వచ్చింది.

"ఇడిచిన బావా."

"ఎనుకకు సూడకు బిడ్డా" అన్నాడు భోజన్న, గోడ వైపు మొహం పెట్టి నిలబడి. "కొరివి పెట్టి సక్కగ ఇంటికి నడువు."